ఫిజీ అంటే ఎక్కడ?

మా వీధి చివరి ఇంట్లో ఉండే అమ్మాయి నర్సు. వాళ్ల చర్చివాళ్లు ఆ అమ్మాయిని రెండేళ్లపాటు ఫిజీ దీవులకు సేవకు పంపిస్తున్నారని తెలిసిన సాయంత్రమే తల్లీకూతుళ్లిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఒకప్పుడు ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కదా, ప్రపంచంలోని దేశాలన్నీ నా కొంగున ముడివేసుకుని ఉంటాయని వాళ్ల నమ్మకం.

“అక్కయ్యగారూ, ఇంతకీ ఫిజీ అంటే ఎక్కడండీ? సింగపూరు దగ్గరా?” అంది తల్లి.

సింగపూరు కాదు, ఆస్ట్రేలియా కూడా దాటి పోవాలన్నాను.

“అమ్మో! అంత దూరమే! అక్కడ కరివేపాకు దొరుకుతుందా?”

నవ్వకండి. మన ఆడవాళ్లకు భూగోళం వంటింట్లోంచే మొదలవుతుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అమ్మాయి అడిగింది వేరు. “పెద్దమ్మగారూ, అక్కడి మనుషులు ఎలాంటివాళ్లు? వెళ్లీ వెళ్లగానే ఏ తప్పూ చెయ్యకుండా ఉండాలంటే ముందుగా ఏం తెలుసుకోవాలి?” అంది.

చెప్పొద్దూ, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పది రోజులు గడువు పెట్టి పంపించేశాను. ఆ పది రోజులూ ఫిజీ గురించిన పుస్తకాలు ముందేసుకు కూర్చుంటే తెలిసిందేమిటంటే, దాదాపు రెండువందల ఏళ్లుగా ఆ దీవులకు వెళ్లిన ప్రతి మిషనరీ ఇదే ప్రశ్న వేసుకున్నాడు. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆ ప్రశ్న అడిగే అవకాశమే లేకుండా అదే దీవులకు ఓడలెక్కినవాళ్లలో మన కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల ఆడవాళ్లు ఉన్నారు.

ముందు దేశం సంగతి నాలుగు ముక్కల్లో. పసిఫిక్ మహాసముద్రంలో మూడువందలకు పైగా దీవుల గుంపు ఫిజీ. అందులో మూడోవంతు దీవుల్లోనే జనం ఉంటారు. పెద్దవి రెండు: వీతీ లేవు, వనువా లేవు. రాజధాని సువా. మనకంటే ఆరున్నర గంటలు ముందుగా అక్కడ తెల్లవారుతుంది. కొబ్బరి, అరటి, సీమపనస పుష్కలం. మనకు బియ్యం ఎలాగో వాళ్లకు చేమదుంప అలాగ. చేమాకుల్ని కొబ్బరిపాలలో ఉడికించుకుని తింటారని చదివినప్పుడు నాకు ఆ దేశం కాస్త దగ్గరకు జరిగినట్టనిపించింది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. దివిసీమవాళ్లకు తుఫానంటే వేరే చెప్పాలా?

ఇక మిషనరీల కథ. ఆ దీవులకు క్రైస్తవాన్ని మొదట తీసుకువెళ్లింది తెల్లవాళ్లు కారు. 1830లో లండన్ మిషనరీ సంఘంవారు పంపగా వెళ్లిన తహితీ దీవివాళ్లు. తెల్లవాళ్లు ఇద్దరు, విలియం క్రాస్, డేవిడ్ కార్గిల్ అనేవాళ్లు, భార్యాబిడ్డలతో 1835 అక్టోబరు 12న లకెంబా అనే చిన్న దీవిలో దిగారు. వీళ్లు నేరుగా ఇంగ్లండు నుంచి వచ్చి ఊడిపడలేదు. అంతకుముందు పక్కనున్న టోంగా దీవుల్లో పనిచేశారు. టోంగాకూ ఫిజీకీ పడవల రాకపోకలు ఎప్పటినుంచో ఉన్నాయి. అలా వచ్చి అక్కడుంటున్న ఫిజీవాళ్లను పట్టుకుని, దీన్నేమంటారు, దాన్నేమంటారు అని అడిగి మాటలు రాసుకున్నారు. ఫిజీలో కాలు పెట్టకముందే ఆ భాషలో చిన్న వాచకం ఒకటి టోంగాలోనే అచ్చయింది. పెళ్లికాకముందే కోడలు అత్తగారింటి వంటలన్నీ నేర్చుకున్నట్టన్నమాట!

అసలు ముచ్చట అక్షరాల దగ్గరుంది. ఫిజీ భాషలో ‘బ’ వట్టి బ కాదు, ముందు చిన్న ‘మ్’ కలిసి ‘ంబ’ అని పలుకుతుంది. ‘డ’ కూడా అంతే, ‘ండ’. కార్గిల్ పండితుడు, స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివినవాడు. చెవికి వినిపించినట్టు రెండేసి ఇంగ్లీషు అక్షరాలు పెట్టి రాస్తే సరిపోతుందనుకున్నాడు. కానీ ఫిజీవాళ్లు వాటిని చదవబోతే రెండక్షరాల మధ్యా ఓ అచ్చు దూర్చి ఇంకేదో పలుకుతున్నారు. వాళ్ల చెవికి అది ఒకే శబ్దం. ఒక శబ్దానికి రెండక్షరాలెందుకని వాళ్ల ఇబ్బంది. చివరికి ఆయన తన చదువు పక్కనబెట్టి వాళ్ల చెవినే నమ్మాడు. ఒక శబ్దానికి ఒక్కటే అక్షరం. ఇంగ్లీషు ‘బి’ రాస్తే ‘ంబ’, ‘డి’ రాస్తే ‘ండ’, ‘సి’ రాస్తే ‘ద’. ఇప్పుడు గదా మీకు మా భాష స్వభావం తెలిసింది, ఇప్పుడు గదా మేం చదవగలుగుతున్నాం అని అక్కడివాళ్లు సంతోషించారట.

అందుకే ఈనాటికీ ఫిజీ విమానాశ్రయం ఉన్న ఊరి పేరు ఇంగ్లీషులో ‘నాది’ అని రాసి ఉంటుంది. ‘నాండి’ అని పిలవాలి. తెలియనివాళ్లు దిగగానే “నాదికి వచ్చాం” అంటారు. వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, వీళ్లు కొత్తవాళ్లని. మన బ్రౌన్‌దొర తెలుగు నేర్చుకోవడానికి పండితులను కూర్చోబెట్టుకుని పడిన తంటాలు మనకు తెలుసు. కార్గిల్ పడినవీ ఆ జాతి తంటాలే. పాపం, ఆయన బతుకు మాత్రం సుఖంగా వెళ్లలేదు. భార్య మార్గరెట్ 1840లో ఫిజీలోనే పోయింది. ఆమె జీవితం గురించి ఓ పుస్తకం రాసి అచ్చువేయించి, తిరిగి ద్వీపాలకు వచ్చి, 1843లో టోంగాలో తానూ పోయాడు.

వీళ్ల తరవాత 1838లో ఇంగ్లండు నుంచి బయలుదేరినవాళ్లకు ఫిజీ ఇంకోలా తెలిసింది. ఆ ఏడు ఇంగ్లండులో ఫిజీ మీద జాలిచూపండంటూ ఓ విజ్ఞప్తి అచ్చయింది. అది చదివినవాళ్లకు గుండె ఆగినంత పనయింది. నరమాంసం తింటారు, భర్త పోతే భార్యల గొంతు బిగిస్తారు, ఇవే అందులో ఉన్నవి. ఇవి అబద్ధాలు కావు, జరిగినవే. విధవల గొంతుకు తాడు బిగించే ఆచారం ఫిజీలో ఉండేది. వాళ్లను చూసి మనం ముక్కున వేలేసుకోనక్కరలేదు, మన దేశంలో సతిని చట్టం నిషేధించింది 1829లోనే కదా!

జాన్ హంట్ అనే కుర్రవాడు, పొలం దున్నుకునే ఇంటివాడు, ఆ మిషనుకు ఎంపికయ్యాడు. నరమాంసం మాట అతన్ని అంతగా భయపెట్టలేదట. ఊళ్లో తనను చేసుకోబోయే పిల్ల హన్నా సమర్స్ ఏమంటుందో అని దిగులట! ఉత్తరం రాసి, జవాబుకోసం కూర్చున్నాడు. మీరు ఎక్కడికి వెళితే అక్కడికి నేనూ వస్తానని ఆమె జవాబు. కుర్రవాడు ఎగిరి గంతేశాడు. కథలో ఇది తీపి ఘట్టం. తరవాతి ఘట్టాలు చేదు. హన్నా తన బిడ్డల్లో కొందరిని ఆ దీవుల్లోనే పోగొట్టుకుంది. హంట్ కొత్త నిబంధనను ఫిజీ భాషలోకి తెచ్చి 1847లో అచ్చు చూసుకుని, మర్నాటి ఏడు 36 ఏళ్లకే కన్నుమూశాడు.

నా మనసుకు తట్టిన సంగతి ఒకటి చెబుతాను. ఆ విజ్ఞప్తి చదివి వెళ్లినవాళ్లకు ఫిజీలో ఏం భయంకరమో తెలుసుగాని ఏం బాగుంటుందో తెలియదు. నూరడుగుల పొడవైన జంట పడవలను ఇనుపమేకు లేకుండా కట్టగల వడ్రంగులు అక్కడున్నారని, చెట్టుబెరడును కొట్టి కొట్టి బట్ట చేసి దానిమీద ముగ్గుల్లాంటి నల్లటి బొమ్మలద్దే ఆడవాళ్లున్నారని, కుండలు చేసేదీ ఆడవాళ్లేనని ఎవరూ చెప్పలేదు. సంబంధం చూడబోయే ముందు పక్కింటివాళ్లు వచ్చి ఆ ఇంటి తగాదాలు మాత్రమే చెప్పి వెళితే ఎలా ఉంటుంది? ఎవరైనా దేశంగాని దేశం వెళుతుంటే మనం చేసేదీ అదే మరి!

తెలియకపోవడానికి ఎంత ఖరీదు కట్టాల్సి వస్తుందో థామస్ బేకర్ కథ చెబుతుంది. 1867లో ఈయన వీతీ లేవు కొండల్లోకి వెళ్లాడు. నబుతౌతౌ అనే ఊళ్లో ఆయన్నూ, వెంటవెళ్లిన ఫిజీ క్రైస్తవులనూ చంపి తిన్నారు. ఎందుకని అడిగితే జనం చెప్పే కథ దువ్వెన కథ. బేకర్‌గారి దువ్వెన ఊరిపెద్ద తీసుకుని తలలో పెట్టుకున్నాడట. ఈయన వెళ్లి ఆ దువ్వెన ఆయన తలలోంచి లాక్కున్నాడట. ఫిజీలో పెద్దమనిషి తల ముట్టుకోవడమంటే మహాపరాధం. ఊరిపెద్ద తలంటే మరీను! అయితే చరిత్రకారులు ఇంతటితో ఊరుకోరు. సముద్రతీరపు రాజుకూ కొండలవాళ్లకూ పడేది కాదని, మిషనరీ అంటే ఆ రాజు మనిషే అని కొండవాళ్లు అనుకున్నారని, ఆయన్ను చంపమంటూ తిమింగలం పన్ను ఒకటి ఊరూరా తిరిగిందని చెబుతారు. తిమింగలం పన్నును వాళ్లు ‘తంబువా’ అంటారు. పెళ్లికైనా, సంధికైనా, క్షమాపణకైనా, చివరికి హత్యకైనా దాన్ని చేతిలో పెట్టి అడిగితే, పుచ్చుకున్నవాడు ఆ పని చేసి తీరాలి. దువ్వెన కథ నిజమైనా కాకపోయినా, నూటయాభై ఏళ్లుగా వాళ్లు దాన్ని చెప్పుకుంటున్నారంటే, తల ముట్టుకోవడం వాళ్లకెంత పట్టింపో తెలుస్తూనే ఉంది. ఆయన బూటు అడుగుభాగం ఇప్పటికీ సువా మ్యూజియంలో ఉంది. 2003లో ఆ ఊరివాళ్లు బేకర్ వంశీకులను పిలిపించి, శాస్త్రోక్తంగా క్షమాపణ చెప్పుకున్నారు.

మా నర్సమ్మాయికి ఇది చెప్పాలనుకున్నాను. పసిపిల్లాడి తల నిమిరినా ముందు తల్లి వంక చూడమని.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న ఏడుకు వస్తున్నాను. 1875. అంతకు ముందు ఏడు అక్టోబరు 10న ఫిజీ బ్రిటిషువాళ్ల చేతుల్లోకి పోయింది. దేశాన్ని అప్పగించిన రాజు దకొంబావు సిడ్నీ చూడ్డానికి వెళ్లి వచ్చాడు. ఆ ఓడలో పొంగు వచ్చింది. అదేనండీ, మనం తట్టు అని కూడా అంటామే, ఆ జ్వరం. అంతకుముందు ఆ జబ్బు ఎరగని జనం. కొద్ది నెలల్లో సుమారు 40,000 మంది పోయారు. పాతిపెట్టే దిక్కులేక ఊళ్లకు ఊళ్లు కుళ్లిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే జార్జ్ బ్రౌన్ అనే మిషనరీ నవులోవా అనే చోట ఉన్న బడికి వచ్చాడు. అది ఫిజీ కుర్రాళ్లను ఉపదేశకులుగా తయారుచేసే బడి. న్యూ బ్రిటన్ అనే దూరపు దీవులకు వెళ్లడానికి మనుషులు కావాలి, అక్కడ జ్వరాలున్నాయి, భాష తెలియదు, చంపినా చంపుతారు, ఆలోచించుకోండి అన్నాడు. బడిలో ఉన్నవాళ్లు 83 మంది. తెల్లవారి అడిగితే 83 మందీ వస్తామన్నారు. వాళ్లలో పెళ్లయినవాళ్లు కొందరిని, కానివాళ్లను కొందరిని, మొత్తం తొమ్మిది మందిని ఎంపికచేశారు.

అంతటితో అవలేదు. కొత్తగా వచ్చిన ప్రభుత్వానికి అనుమానం వచ్చింది, వీళ్లను మిషనరీలు బలవంతపెట్టారేమోనని. ప్రభుత్వాధికారి స్వయంగా ఆ కుర్రాళ్లను పిలిపించి కూర్చోబెట్టి, మీరు బ్రిటిషు ప్రజలు, ఎవరూ మిమ్మల్ని బలవంతంగా పంపలేరు, అక్కడ ఇదిగో ఈ ఈ ప్రమాదాలున్నాయి, మనసు మార్చుకుంటే ఇప్పుడే చెప్పండి అన్నాడు. మాకివన్నీ తెలుసు, చస్తే చస్తాం, బతికితే బతుకుతాం, వెళతామన్నారు వాళ్లు.

భార్యల మాట? వాళ్లనూ అడిగారు. ఒకామె ఇచ్చిన జవాబు చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ఫిజీ పడవకు పక్కనే కాస్త ఎడంగా ఓ తేలుడు కొయ్య కట్టి ఉంటుంది. అది లేకపోతే పడవ బోల్తాపడుతుంది. నేను పడవకు పక్కకొయ్య లాంటిదాన్ని, పడవ ఎక్కడికి పోతే కొయ్యా అక్కడికే అందట ఆమె. పతివ్రతా ధర్మం చెప్పిందని మురిసిపోయేవాళ్లు మురిసిపోవచ్చు. నాకు మాత్రం, నేను లేకపోతే పడవ మునుగుతుంది సుమా అని ఆమె చెప్పినట్టు వినిపించింది. 1878లో అలా వెళ్లిన ఫిజీ ఉపదేశకుల్లో నలుగుర్ని న్యూ బ్రిటన్‌లో చంపేశారు. అంటే ఆ అధికారి చెప్పిన ప్రమాదాలు ఉత్తమాటలు కావన్నమాట. అయినా ఆ నలుగురూ తెలిసి వెళ్లారు.

తెలిసి వెళ్లారు అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఎందుకంటే అది జరిగిన నాలుగేళ్లకే, 1879 మే 14న, లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుంచి 463 మంది భారతీయులతో ఫిజీలో లంగరువేసింది. కొత్త గవర్నరు గోర్డన్ దొర, చచ్చి మిగిలిన ఫిజీవాళ్లను తోటల్లో పనికి పెట్టడానికి ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లు వాళ్లకుండాలన్నాడు. మంచి మాటే. మరి చెరకుతోటల్లో ఎవరు పనిచేయాలి? అంతకుముందు మారిషస్‌లోనూ ట్రినిడాడ్‌లోనూ పనిచేసినవాడు కనుక ఆయనకు భారతదేశం గుర్తొచ్చింది. ఒకరి ఊరు నిలబెట్టడానికి ఇంకొకరిని ఊరు విడిపించారు.

1879 నుంచి 1916 దాకా అలా వెళ్లినవాళ్లు 60,000 పైచిలుకు. ఐదేళ్ల ఒప్పందం. ‘అగ్రిమెంటు’ అనే మాట నోరు తిరగక ‘గిర్మిట్’ అయింది, వెళ్లినవాళ్లు గిర్మిటియాలయ్యారు. అప్పగించిన పని పూర్తిచేస్తే మగవాడికి రోజుకో షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కోత. నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లయినా ఉండాలని నిబంధన. ఆ నలభై లెక్క పూర్తి చేయడానికి దళారులు అత్తింట్లో అలిగి వచ్చినవాళ్లను, విధవలను, తీర్థయాత్రల్లో దారి తప్పినవాళ్లను వెతికి పట్టుకునేవాళ్లు.

వీళ్లకు ఫిజీ గురించి ఏం చెప్పారు? తోతారాం సనాఢ్య అనే ఆయన 1893లో ఇలాగే వెళ్లి, 21 ఏళ్లుండి తిరిగివచ్చి, 1914లో హిందీలో తన కథ అచ్చు వేయించాడు. అక్కడ కష్టమన్నది ఉండదు, అరటిపళ్లూ చెరకూ కడుపునిండా తిని హాయిగా వేణువు ఊదుకోవచ్చని దళారి చెప్పాడట. మేజిస్ట్రేటు దగ్గర ఎవరికివారే తమ ఇష్టంతో వెళుతున్నట్టు ఒప్పుకోవాలి. 165 మందికి ఆ తతంగం ఇరవై నిమిషాల్లో ముగిసిందని రాశాడు. నవులోవా కుర్రాళ్లు తొమ్మిది మందిని కూర్చోబెట్టి చెప్పిన ప్రభుత్వమూ బ్రిటిషుదే, మనిషికి పది క్షణాలైనా ఇవ్వని ప్రభుత్వమూ బ్రిటిషుదే!

1903 నుంచి మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు బయలుదేరాయి. అలా వెళ్లిన 15,000 మందిలో ఉన్నారు మన తెలుగువాళ్లు. వాళ్ల కష్టానికి ఇంకో పొర ఉంది. అప్పటికే అక్కడ పాతికేళ్లుగా హిందీవాళ్లున్నారు. తోటలో మాట హిందీ. మేస్త్రీ తిట్టేదీ హిందీలోనే. తెలుగు, తమిళం, మలయాళం అన్న తేడా ఎవరికీ పట్టదు, అందరూ ‘మద్రాసీలు’. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదుల వరస, దాన్ని ‘లైను’ అనేవాళ్లు. ఒక్కో గదిలో ముగ్గురు మగవాళ్లు, లేదా ఒక సంసారం. గదికీ గదికీ మధ్య గోడ కప్పు దాకా ఉండదు, పక్కగదిలో దగ్గితే ఈ గదిలో వినబడుతుంది. మన వంటింట్లో సగం ఉండని ఆ గదిలో పొయ్యీ పడకా కాపురం అన్నీను. ఉరిపోసుకున్నవాళ్ల లెక్కల్లో మద్రాసు నుంచి వచ్చినవాళ్ల పాలు ఎక్కువగా ఉండేదని అప్పటి పరిశీలకులు రాశారు. చుట్టూ మనుషులుండీ తన మాట అర్థమయ్యే మనిషి లేకపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

వాళ్ల దగ్గరకు వచ్చిన మిషనరీల్లో ఒకామె గురించి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. హన్నా డడ్లీ. ఆస్ట్రేలియా నుంచి 1897లో సువా వచ్చింది. ఒంటరి మనిషి. అంతకుముందు మన దేశంలో ఉండి హిందుస్తానీ నేర్చుకుంది. ఫిజీకి వచ్చిన మిషనరీల్లో చాలామందికి ఫిజీ భాష తెలుసు, చెరకుతోటల్లోని భారతీయులతో మాట్లాడే భాష తెలియదు. ఈమెకు తెలుసు. భాష ఒక్కటే కాదు, మనవాళ్ల తిండీ తిప్పలూ, పట్టింపులూ తెలుసు. మాంసం మానేసింది. తన ఇంటి వరండాలోనే బడి పెట్టింది. ఆస్పత్రికీ జైలుకూ వెళ్లి మనవాళ్లను పలకరించేది. తల్లిదండ్రులు లేని పిల్లల్ని తెచ్చి పెంచుకుంది. జనం ఆమెను ‘మాతాజీ’ అన్నారు. మతం పుచ్చుకున్నవాళ్లు తక్కువే. ‘మాతాజీ’ అన్నవాళ్లు మాత్రం చాలామంది.

ఆమె గిర్మిట్ గురించి రాసిన ఉత్తరం తోతారాం పుస్తకంలోకి ఎక్కింది. బిక్కుబిక్కుమంటూ ఓడ దిగే ఆడవాళ్లను, తమను ఎక్కడికి పంపుతారో కూడా తెలియనివాళ్లను, గొడ్లను పంచినట్టు తోటలకు పంచేయడం తన కళ్లతో చూసినదాన్ని రాసింది. భాష తెలిసిన మనిషి కనుక వాళ్ల ఏడుపు ఆమెకు వట్టి ఏడుపుగా వినిపించలేదు, మాటలుగా వినిపించింది. ఆమె తరవాత వచ్చిన జె.డబ్ల్యు. బర్టన్ అనే మిషనరీ 1910లో ‘ఈనాటి ఫిజీ’ అని ఇంగ్లీషు పుస్తకమే రాసి, ఈ పద్ధతి పనికిరాదని దులిపేశాడు. 1913లో కుంతి అనే కూలి మనిషి, అరటితోటలో మీదపడబోయిన ఓవర్సీరు నుంచి తప్పించుకుని ఏట్లో దూకిన సంగతి మన దేశం పత్రికల్లో వచ్చి గగ్గోలయింది. 1915లో సి.ఎఫ్. ఆండ్రూస్, పియర్సన్ అనే ఆయనతో కలిసి వెళ్లి చూసి వచ్చి నివేదిక రాశాడు. ఇవన్నీ చాలామందికి తెలిసినవే.

తక్కువమందికి తెలిసింది ఫ్లారెన్స్ గార్నం పేరు. ఆండ్రూస్ రాసినది అతిశయోక్తి అని తోటలవాళ్లు అంటుంటే, ఆస్ట్రేలియా ఆడవాళ్ల సంఘాలన్నీ కలిసి, సరే మా మనిషిని పంపి మేమే చూస్తామన్నాయి. ఎవర్ని పంపాలి? ఆడదై ఉండాలి, మనవాళ్ల సంగతి తెలిసినదై ఉండాలి. కలకత్తాలో మిషనరీగా పనిచేస్తున్న గార్నంను వెతికి పట్టుకున్నారు. ఆమె వెళ్లి లైన్లలో తిరిగి, ఆడవాళ్లతో మాట్లాడి, 1918లో నివేదిక ఇచ్చింది. ఆండ్రూస్ చెప్పింది తప్పు కాదని తేలిపోయింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్లన్నీ రద్దయ్యాయి.

మిషనరీ అంటే చర్చివాళ్లే కానక్కరలేదు. గిర్మిట్ పోయిన తరవాత దక్షిణాదివాళ్లు తమ పిల్లలు తమ భాష మరిచిపోతున్నారని 1926లో నాండిలో ఓ సంగం పెట్టుకున్నారు. వాళ్లు అడగగా రామకృష్ణ మిషన్ నుంచి 1937లో అవినాశానందస్వామి, 1939లో రుద్రానందస్వామి వెళ్లారు. రుద్రానందస్వామి అక్కడే ఉండిపోయి బళ్లు నడిపారు, చెరకురైతుల తగాదాల్లో కూడా వాళ్ల పక్షాన నిలబడ్డారు. తెలుగువాళ్లు 1941లో విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఎక్కడికెళ్లినా మనం విడిగా ఓ సంఘం పెట్టుకోకుండా ఉండలేం కదా! కాని పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దబెట్టాలన్న తపన అది, తప్పుపట్టలేం.

పదో రోజు సాయంత్రం తల్లీకూతుళ్లు మళ్లీ వచ్చారు. అమ్మాయి నోటుబుక్కు కూడా తెచ్చుకుంది. ఊళ్లోకి వెళ్లేటప్పుడు టోపీ పెట్టుకోవద్దనీ, పెద్దల ఇంటికి వట్టి చేతులతో కాక ‘యంగోనా’ వేళ్లకట్ట పట్టుకెళ్లాలనీ, ఆ వేళ్లు దంచి నీళ్లలో పిసికి ఇచ్చే బురదరంగు కషాయాన్ని మొహం చిట్లించకుండా తాగాలనీ చెప్పాను. ‘బులా’ అంటే నమస్కారం, ‘వినాకా’ అంటే సంతోషం, కృతజ్ఞత. వెళ్లొస్తానని చెప్పే మాటను ఇంగ్లీషులో ‘మోసె’ అన్నట్టు రాస్తారు, ‘మోదే’ అనాలి.

“ఇది ఎవరు పెట్టారు ఇలాగ?” అంది విసుగ్గా.

కార్గిల్ కథ చెప్పాను. నవ్వింది.

నీకు హిందీ వచ్చుగా, అదే నీకు పెద్ద ఆస్తి, అక్కడ తెలుగువాళ్ల మనవలు కూడా ఇళ్లల్లో ఫిజీ హిందీయే మాట్లాడతారు, ఇంటిపేరు నాయుడనో రెడ్డి అనో ఉందని గబగబా తెలుగులో మొదలుపెట్టి వాళ్లను చిన్నబుచ్చకు అన్నాను. 1987 మే 14న అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టిన సంగతీ చెప్పాను. లియోనిడాస్ వచ్చిన తారీఖే అది! ఆ తరవాత భారతీయులు వేలకు వేలు ఆస్ట్రేలియాకూ న్యూజిలాండుకూ వెళ్లిపోయారు. ఆ రోజు సైన్యాన్ని నడిపిన రబూకాయే, 2023 మే 14న ప్రధానమంత్రి హోదాలో సువాలో మెథడిస్టు చర్చివాళ్లు జరిపిన సభలో నిలబడి క్షమాపణ అడిగాడు. ఆ ఏటి నుంచి గిర్మిట్ దినానికి అక్కడ సెలవు. ఇవన్నీ ఎవరితోనూ నువ్వుగా ఎత్తకు, వాళ్లు చెబితే విను అన్నాను. బుద్ధిగా రాసుకుంది.

“మరి కరివేపాకు, అక్కయ్యగారూ?” అంది తల్లి.

మనవాళ్ల పెరళ్లలో ఉంటుందన్నాను. ఆవిడ మొహం విప్పారింది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర అమ్మాయి ఆగింది. గిర్మిట్ మీద వెళ్లిన ప్రతి మనిషికీ ఓ పాసు ఉండేదని, అందులో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చలతో సహా రాసేవారని, అవి సువాలోని జాతీయ దస్తావేజుల భవనంలో భద్రంగా ఉన్నాయని మాటల్లో చెప్పాను లెండి. అది పట్టుకుంది.

“మా అమ్మమ్మవాళ్ల ఊరి పేరు కూడా అందులో ఉండొచ్చా, పెద్దమ్మగారూ?”

ఏ తాలూకా అని అడిగాను. రామచంద్రపురం అంది.

ఉండొచ్చు, గోదావరి జిల్లా వాళ్లు వెళ్లారు మరి అన్నాను. సెలవు దొరికిన మొదటి రోజునే వెళ్లి చూసి ఉత్తరం రాస్తానంది.